రీమరు కథ: ఒక స్టోర్సు గుమాస్తాకు తెలిసినంత

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కబురు చేశారు. చరిత్ర అనగానే మనవాళ్లు శాతవాహనులనో, కాకతీయులనో అందుకుంటారు. వాళ్ల గురించి నాకన్నా బాగా రాయగల తెలుగు మాస్టార్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను జానెడు పొడవుండే ఒక ఉక్కు పనిముట్టు చరిత్ర రాద్దామనుకున్నాను. దాని పేరు రీమరు. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ "పెన్షనర్లకు దాంతో ఏం పనండీ?" అంది. పెన్షనర్లందరి సంగతీ ఏమో గాని నాకు మాత్రం పని ఉంది. నా ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను చేసిన ఒక తప్పు ఆ పనిముట్టుతో ముడిపడి ఉంది.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు ఒక ప్రభుత్వ ఐ.టి.ఐ.లో స్టోర్సు సీటు చూశాను. 1978లో ఫిట్టరు ట్రేడు ఇన్‌స్ట్రక్టరు గారు, అందరూ మాస్టారు అనేవారు, నాకొక ఇండెంటు పంపారు. అందులో "హ్యాండ్ రీమర్లు, 12 మి.మీ., హెచ్7, మూడు" అని ఉంది. నేను కొటేషన్లు పిలుస్తూ "హ్యాండ్ రీమర్లు, 12 మి.మీ., మూడు" అని టైపు చేశాను. ఆ హెచ్7 అనేది ఆయన షాపులో బీరువా అర నంబరేమో అనుకున్నాను. మాకు స్టోర్సులో అరలకు అలాంటి నంబర్లే ఉండేవి మరి. మూడు కొటేషన్లు వచ్చాయి. కంపారెటివ్ స్టేట్‌మెంటు వేసి, తక్కువ ధర వారికి ఆర్డరు పెట్టాం. సరుకు నూనె కాగితాల్లో చుట్టి వచ్చింది. కాడ మీద 12 అంకె కనిపించింది. టిక్కు పెట్టి స్టాకు రిజిస్టరులో ఎక్కించాను. బిల్లు పాసయింది.

ట్రేడు పరీక్షకు పది రోజులుందనగా మాస్టారు స్టోర్సు గదికి వచ్చారు. ఒక చేతిలో అరచెయ్యంత ఇనుప పలక, దాంట్లో ఒక బెజ్జం. ఇంకో చేతిలో రెండు కొసలున్న ప్లగ్ గేజి.

"గుమాస్తాగారూ, ఇది వెళ్లాల్సిన కొస" అని ఒక కొస దూర్చారు. వెళ్లింది.

"ఇది వెళ్లకూడని కొస." అదీ వెళ్లింది.

"రెండూ వెళ్లాయి కదా మాస్టారూ" అన్నాను, మంచిదే కదా అన్నట్టు.

ఆయన కోప్పడలేదు. జేబులోంచి రీమరు తీసి కాడ మీద చెక్కిన అక్షరాలు చూపించారు. 12 ఎఫ్7 అని ఉంది. "నేను అడిగింది హెచ్7 అండీ. వచ్చింది ఎఫ్7. వ్యాపారి మోసమేమీ చెయ్యలేదు. మనమే అక్షరం రాయలేదు" అన్నారు.

ఆ అక్షరం ఏమిటో తెలుసుకోవాలని ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఆయన వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చున్నాను. కొంత ఆయన చెప్పారు. మిగిలింది ఐ.టి.ఐ. లైబ్రరీలోను, రిటైరయ్యాక జిల్లా గ్రంథాలయంలోను చదువుకున్నాను.

ముందు ఈ పనిముట్టు ఎందుకో చెప్పాలి. ఇనుములో బెజ్జం వేసేది డ్రిల్లు. గోడకు క్యాలెండరు తగిలించడానికి వేసిన బెజ్జం ఎంతుందో ఎవరూ కొలవరు. ఇరుసు తిరగాల్సిన బెజ్జం, పిన్ను బిగిసి కూర్చోవలసిన బెజ్జం అయితే అలా కుదరదు. డ్రిల్లుకు కోసే అంచులు రెండే. సాన పట్టేటప్పుడు ఒక అంచు రెండోదానికన్నా రవ్వంత పొడవైతే చాలు, బెజ్జం పెద్దదైపోతుంది. పల్చటి పలకలో ఒక్కోసారి గుండ్రంగా రాక మూడు మూలలు తేలుతుంది. లోపలి గోడ గీతలు పడి గరుకుగా ఉంటుంది. అందుకని కావలసినదానికన్నా కొంచెం చిన్న డ్రిల్లు వేసి, మిగిలిన కాస్త లోహాన్ని రీమరుతో తీస్తారు. 12 మి.మీ. బెజ్జానికి 11.8 డ్రిల్లు వేశామనుకోండి, రీమరుకు మిగిలేది చుట్టూ మిల్లీమీటరులో పదో వంతు. ఆరో ఎనిమిదో పళ్లు ఆ కాస్తనూ తలా కొంచెం గీరి, గుండ్రంగా, నున్నగా, కొలతకు సరిగ్గా తెస్తాయి. బెజ్జం పనిలో ఇది ఆఖరి మెట్టు.

మన ఊళ్లలో పూర్వం ఎడ్లబండి చేసే వడ్రంగిని గుర్తు చేసుకోండి. ఏ ఇరుసుకు ఆ చక్రం కుండ తొలుచుకునేవాడు. పెట్టి చూడడం, తియ్యడం, మళ్లీ గీకడం. ఒక బండి చక్రం తీసి ఇంకో బండికి తగిలిస్తే సరిపోతుందన్న నమ్మకం లేదు. ప్రపంచమంతా లోహం పని కూడా రెండు వందల ఏళ్ల కిందటి దాకా అలాగే నడిచింది.

బెజ్జం గొడవ మొట్టమొదట పెద్దగా బయటపడింది ఆవిరి యంత్రం దగ్గర. జేమ్స్ వాట్ 1769లో తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఊహ బాగుంది గాని సిలిండరు కుదరలేదు. ముషలకానికీ సిలిండరు గోడకీ మధ్య సందుల్లోంచి ఆవిరి కారిపోయేది. నూనె గుడ్డలు, పాత టోపీ ముక్కలు కుక్కి చూశాడు. అప్పటి బోరింగు యంత్రాల్లో కోసే తల, పోతపోసిన బెజ్జాన్నే ఆధారం చేసుకుని లోపలికి నడిచేది. పోతలో బెజ్జం వంకరగా ఉంటే కోత కూడా అదే వంకరలో పోయేది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కర్మాగారం యజమాని 1774లో ఫిరంగులు తొలిచే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ మరుసటి ఏడు సిలిండర్ల కోసం ఇంకో యంత్రం కట్టాడు. అందులో బోరింగు కడ్డీ సిలిండరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రెండు వైపులా దిమ్మెల మీద ఆనుతుంది. పోత వంకరతో దానికి సంబంధం లేదు, తన దారిన తాను తిన్నగా పోతుంది. యాభై అంగుళాల సిలిండరులో పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా రాలేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంబరంగా రాసుకున్నాడు. 1776లో వాట్ యంత్రాలు పనిలోకి దిగాయి. పారిశ్రామిక విప్లవం అని మనం బళ్లో చదువుకున్నదాని వెనక ఇలా ఒక బెజ్జం ఉంది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, రీమరు ఇప్పటికీ ఆ పాత యంత్రం జాతిదే. ముందున్న బెజ్జం వెంటే పోతుంది. కొలత సరిచేస్తుంది, నునుపు చేస్తుంది గాని దారి సరిచెయ్యలేదు. "వంకర బెజ్జానికి రీమరు వేస్తే నున్నటి వంకర బెజ్జం వస్తుంది" అనేవారు మాస్టారు. బెజ్జం ఉండాల్సిన చోటు తప్పితే దానికి బోరింగు చెయ్యాలి, లేదా పలక పారెయ్యాలి.

విల్కిన్సన్ యంత్రం పెద్ద బెజ్జాలకు. చిన్నవాటికి రీమరు లాంటి పనిముట్టు అంతకు ముందే ఉంది. గడియారాలవాళ్లు అయిదు అంచులున్న సన్నటి కోసుగా ఉండే పుల్లలాంటి బ్రోచితో ఇత్తడి పలకల్లో బెజ్జాలు సవరించేవారు. ఇప్పటికీ పాత గోడ గడియారం బాగుచేసేవారి డబ్బాలో అవి కనిపిస్తాయి. తుపాకీ పనివాళ్లది ఇంకో తమాషా. గొట్టం లోపల ఆఖరి మెరుగుకు చదరపు ఉక్కు కడ్డీ వాడేవారు. దానికి ఒక పక్క చెక్క బద్ద కట్టేవారు. చెక్క పక్క గోడకు ఆని నొక్కుతుంది, రెండో పక్క అంచులు గీరుతాయి. బెజ్జం ఇంకాస్త పెద్దది కావాలంటే చెక్కకూ ఉక్కుకూ మధ్య ఒక కాగితం ముక్క పెట్టేవారు. ఇంకా కావాలంటే ఇంకో కాగితం. జీవితమంతా కాగితాలతోనే గడిపిన నాకు ఈ సంగతి చదివినప్పుడు భలే ముచ్చటేసింది.

అయితే వీటన్నిటిలో కొలత పనివాడి చేతిలో ఉంది. పిన్ను పట్టేదాకా గీరి, పట్టగానే ఆపుతాడు. ఆ పిన్ను ఆ బెజ్జానికే. తుపాకీ విరిగితే మళ్లీ అలాంటి చెయ్యి తిరిగిన పనివాడి దగ్గరికే పోవాలి. యుద్ధంలో అంత తీరిక ఎవరికుంటుంది?

మార్పు తుపాకుల దగ్గరే మొదలయింది. 1785లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్, ఓనోరే బ్లాంక్ అనే పనివాడి దుకాణం చూశాడు. తుపాకీ లాకుల భాగాలు కుప్పలుగా పోసి ఉన్నాయి. చేతికందిన ముక్కలు తీసుకుని తానే కూర్చి చూశాననీ, అన్నీ చక్కగా అమరాయనీ జెఫర్సన్ స్వదేశానికి ఉత్తరం రాశాడు. తర్వాత అమెరికాలో ఎలై విట్నీ 1798లో పదివేల తుపాకుల కాంట్రాక్టు పట్టి, 1801లో పెద్దల ముందు ఇలాంటి ప్రదర్శనే చేశాడు. మార్పిడి భాగాల పితామహుడని పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉండేది. కాని మిగిలి ఉన్న ఆయన తుపాకులను తర్వాతివాళ్లు విప్పి చూస్తే ఒకదాని భాగం ఇంకోదానికి సరిగ్గా పట్టలేదు. సరుకు మొత్తం అందించేసరికి 1809 వచ్చింది. కాంట్రాక్టర్ల తీరు ఏ దేశంలోనైనా ఒకటే అనిపిస్తుంది నాకు. అసలు పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. 1813లో సిమియన్ నార్త్ ఇరవై వేల పిస్తోళ్లకు ఒప్పుకున్నప్పుడు ఏ భాగమైనా దేనికైనా పట్టాలన్న షరతు కాగితం మీదికెక్కింది. హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో జాన్ హాల్ అనే ఆయన 1820లలో ఆ మాట నిజం చేసి చూపించాడు. ఆయన ఒక రైఫిలు తనిఖీకి అరవైకి పైగా గేజీలు వాడేవాడు. పనివాడి చేతిలోని కొలత గేజిలోకి, పనిముట్టులోకి మారింది అక్కడే.

1851 లండన్ ప్రదర్శనలో అమెరికా వాళ్లు అలాంటి రైఫిళ్లు పెడితే ఇంగ్లీషువాళ్లు నోళ్లు తెరిచారు. 1854లో ఒక కమిటీని అక్కడికి పంపి, యంత్రాలు కొని తెచ్చి ఎన్‌ఫీల్డు కర్మాగారంలో పెట్టుకున్నారు. ఎన్‌ఫీల్డు పేరు మనకు 1857 తూటాల గొడవ వల్ల బాగా తెలుసు, దాని యంత్రాల సంగతి మాత్రం మన చరిత్ర పుస్తకాలు చెప్పవు. 1863లో స్టీఫెన్ మోర్స్ మెలి డ్రిల్లుకు అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. దాంతో బెజ్జం వెయ్యడం తేలికయింది, చౌకయింది. లక్షల బెజ్జాలు వచ్చాయి గనుక వాటికి ఆఖరి మెరుగు పెట్టే రీమర్లూ లెక్కలేనన్ని కావలసి వచ్చాయి.

ఇప్పుడు నేను వదిలేసిన అక్షరం దగ్గరికి వస్తాను.

ఇరుసు, బెజ్జం అని రెండున్నాయి. ఇరుసు వదులుగా తిరగాలా, జారుతూ కదలాలా, సుత్తితో కొడితే గాని ఎక్కనంత బిగువుగా ఉండాలా అనేది అవసరాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడు రకాల పొందికనూ రెండు విధాల తేవచ్చు. ఇరుసు ఒకే కొలతలో ఉంచి బెజ్జాలు మార్చడం ఒకటి. బెజ్జం ఒకే కొలతలో ఉంచి ఇరుసులు మార్చడం రెండోది. కాగితం మీద రెండూ ఒకటే. షాపులో ఒకటి కాదు. లేతు మీద ఇరుసు కొలత ఎంతకంటే అంతకు తిప్పుకోవచ్చు, చేతిచక్రం రవ్వంత కదిపితే చాలు. బెజ్జం కొలత అలా మారదు, అది రీమరు ఒంట్లోనే ఉంది. 12 రీమరు 12 బెజ్జమే చేస్తుంది. బెజ్జాలు మూడు రకాలు కావాలంటే మూడు రీమర్లు, మూడు ప్లగ్ గేజీలు కొనాలి. రీమరు ఖరీదైన వస్తువు. అందుకని ఇంజనీర్లు ఎక్కువగా బెజ్జాన్నే స్థిరంగా ఉంచి ఇరుసును మార్చే పద్ధతికి వచ్చారు. దీన్ని హోల్ బేసిస్ అంటారు. పొడుగాటి ఒకే కడ్డీ మీద చాలా భాగాలు ఎక్కించే కొన్ని యంత్రాల్లో మాత్రం రెండో పద్ధతి వాడతారు. లోకమంతా వాడే ఒక పెద్ద ప్రమాణం, ఒక పనిముట్టు ధరను చూసి స్థిరపడిందంటే, అకౌంట్సు చూసినవాళ్లకు ఆశ్చర్యం ఉండదు.

యూరపు దేశాలవారు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో దీనికి ఉమ్మడి భాష కుదుర్చుకున్నారు. బెజ్జానికి పెద్ద ఇంగ్లీషు అక్షరం, ఇరుసుకు చిన్న అక్షరం, పక్కన ఖచ్చితపు తరగతి తెలిపే అంకె. 1947లో పని మొదలుపెట్టిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని తర్వాత తనదిగా చేసుకుంది. అదే 1947 జనవరిలో పుట్టిన మన భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 919లో అదే భాషను మనకిచ్చింది.

హెచ్ అంటే బెజ్జం కింది హద్దు సరిగ్గా చెప్పిన కొలతే. 12 హెచ్7 అంటే బెజ్జం 12.000 కన్నా తగ్గకూడదు, 12.018 మించకూడదు. మధ్య తేడా 18 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు పద్దెనిమిది. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు ఉంటుంది, దాంట్లో పావు వంతు. ఎఫ్7 కూడా 18 మైక్రాన్ల తేడాదే గాని మొదలయ్యేది 12.016 దగ్గర, ముగిసేది 12.034 దగ్గర. వదులుగా తిరగాల్సిన చోట అది మంచి బెజ్జమే. పిన్ను బిగువుగా నిలవాల్సిన చోట పనికిరాదు. నేను తెప్పించిన మూడూ నాణ్యమైన రీమర్లే, ఇంకెవరికో సరిపోయేవి. అమ్ముడుపోక మిగిలిన సరుకు గనుకనే ధర తగ్గి ఉంటుందని మాస్టారు అన్నారు.

ఇంకో చిన్న విషయం. హెచ్7 బెజ్జం చేసే కొత్త రీమరు సరిగ్గా 12.000 ఉండదు. ప్రమాణం ప్రకారం 12.008కీ 12.015కీ మధ్య ఉంటుంది. పై హద్దు దాకా ఎందుకు పోనివ్వరంటే, కోతలో బెజ్జం రీమరుకన్నా రవ్వంత పెద్దగా వస్తుంది, దానికి చోటుంచాలి. కింది హద్దుకన్నా పైన ఎందుకుంచుతారంటే, వాడేకొద్దీ పళ్లు అరుగుతాయి. మన జీతానికి కరువు భత్యం లాగా రీమరుకు అరుగుదల భత్యం ముందే కలిపి ఇస్తారన్నమాట. మనకు అదీ ముందుగా ఇవ్వరు.

ఈ పద్ధతి ఎంత పనిచేస్తుందో జనానికి కళ్లకు కట్టినట్టు చూపించింది 1908లో. ఇంగ్లాండులో బ్రూక్‌లాండ్స్ పందేల మైదానంలో మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి స్టోర్సులోంచి కొత్తవి ఇచ్చారు. ఆకురాయి ముట్టకుండా వాటిని మళ్లీ మూడు కార్లుగా బిగించి ఒక్కొక్కటీ అయిదు వందల మైళ్లు నడిపారు. ఆ కంపెనీకి ఆ ఏడాది డ్యూయర్ ట్రోఫీ దక్కింది. స్టోర్సులోంచి ఇచ్చినవి అన్న మాట దగ్గర నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ స్టోర్సులో కూడా ఒక గుమాస్తా ఉండే ఉంటాడు.

ఉక్కు సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదట్లో రీమర్లు కార్బన్ ఉక్కువి, వేడెక్కితే మెత్తబడేవి. పందొమ్మిదో శతాబ్దం ఆఖర్లో అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు వేడికి తట్టుకునే హైస్పీడు ఉక్కుకు దారి చూపారు. తర్వాత కార్బైడు వచ్చింది. మన ఐ.టి.ఐ.లలో నేటికీ హైస్పీడు ఉక్కు రీమర్లే ఎక్కువ.

మన వైపు ఈ పని ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 1950లో కుర్రవాళ్లకు చేతిపనుల శిక్షణ పథకం మొదలుపెట్టింది, ఐ.టి.ఐ.లు దాని చలవే. సికిందరాబాదులో 1943లో స్థాపించిన ప్రాగా టూల్స్ వారి టూల్ అండ్ కట్టర్ గ్రైండరు మీద మొద్దుబారిన రీమర్లకు సాన పట్టడం నేను స్వయంగా చూశాను. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినా పాత యంత్రాలు అంగుళాల్లోనే ఉన్నాయి గనుక మా స్టోర్సులో రెండు సంసారాలుండేవి. అర అంగుళం రీమరు అంటే 12.7 మి.మీ., కంటికి 12కీ దానికీ తేడా తెలియదు. కొత్తగా వచ్చిన అటెండరు రెండూ ఒకే అరలో సర్దేవాడు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ముందు చక్రాల కింగ్‌పిన్ బుష్‌లకు రీమరు పట్టించడం మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ వాడేది అడ్జస్టబుల్ రీమరు. ఏటవాలు గాళ్లలో విడి బ్లేడులు, కిందా పైనా నట్లు. నట్లు తిప్పితే బ్లేడులు జరిగి కొలత పెరుగుతుంది. మెకానిక్ రెండు చేతులా తిప్పుతూ, పిన్ను పెట్టి చూస్తూ, మళ్లీ నట్టు పావు చుట్టు తిప్పుతూ పోతాడు. అరిగిన ఒక్క పిన్నుకు ఒక్క బుష్‌ను సరిచెయ్యాలి గనుక అక్కడ గేజి కన్నా చెయ్యే నయం. పాత తుపాకీ పనివాడి కాగితం ముక్కే నట్టుగా మారింది.

మాస్టారు కుర్రవాళ్లకు చెప్పిన పద్ధతులు కొన్ని నాకు నోటికి వచ్చేశాయి. చేతి రీమరుకు కాడ చివర చదరంగా ఉంటుంది, హ్యాండిలు తగిలించడానికి. ముందు భాగం చాలా దూరం కోసుగా సన్నబడి ఉంటుంది, బెజ్జంలో తిన్నగా నిలబడడానికి. మిషను రీమరుకు ఆ కోసు కురచ, కాడ డ్రిల్లింగు మిషను స్పిండిలుకు పట్టేలా ఉంటుంది. ఒకటి అడిగి ఇంకొకటి తెప్పిస్తే డబ్బు దండగ. బెజ్జం లోపల కీ గాడి ఉంటే తిన్నటి పళ్ల రీమరు ఆ గాడిలో పడి తట్టుకుంటుంది, మెలి పళ్లది తీసుకోవాలి. ఆ మెలి ఎడమవైపుకు ఉంటుంది. కుడివైపుకు ఉంటే మరలాగా తనంతట తాను లోపలికి దూసుకుపోతుంది. పళ్ల సంఖ్య సరిసంఖ్యగా ఉంటుంది, ఎదురెదురు పళ్ల మీద మైక్రోమీటరు పెట్టి కొలవడానికి. కాని పళ్ల మధ్య ఎడం కావాలనే కొంచెం హెచ్చుతగ్గులు పెడతారు. అన్నీ సమానంగా ఉంటే రీమరు దడదడలాడి బెజ్జం గోడ మీద గుర్తులు పడతాయి.

తిప్పడంలో ఒక్కటే ఖచ్చితమైన నియమం. లోపలికి పోయేటప్పుడే గాదు, బయటికి తీసేటప్పుడు కూడా అదే దిక్కున తిప్పాలి. వెనక్కి తిప్పితే పళ్ల వెనక ఇరుక్కున్న పొట్టు గోడను గీస్తుంది, అంచులు విరుగుతాయి. మర కోసే ట్యాపును కాస్త ముందుకు, కాస్త వెనక్కి తిప్పడం అలవాటైన కుర్రవాళ్లు రీమరును కూడా అలాగే తిప్పి మాస్టారి చేత చీవాట్లు తినేవారు. ఉక్కుకు కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరసనాయిలు, పోత ఇనుముకు ఏమీ వద్దు. మిషను మీద అయితే డ్రిల్లు తిరిగే వేగంలో సగం ఉంటే చాలు, ముందుకు దింపడం మాత్రం డ్రిల్లుకన్నా జోరుగా ఉండాలి. మరీ తక్కువ లోహం వదిలినా ప్రమాదమే. పళ్లు కొయ్యకుండా రుద్దుతాయి, త్వరగా మొద్దుబారతాయి. ఈ మాట నాకు అప్పట్లో నమ్మబుద్ధి కాలేదు. తక్కువ పని ఇస్తే పాడవుతుందా అన్నాను. "మీ ఆఫీసులో చూళ్లేదా?" అన్నారాయన.

ఇక ఆ పరీక్ష సంగతి. కొత్తవి కొనడానికి మళ్లీ కొటేషన్లు, మళ్లీ శాంక్షను కావాలి. పది రోజుల్లో అయ్యే పని కాదు. ఊళ్లో దొరకలేదు. మాస్టారి దగ్గర పాత హెచ్7 రీమరు ఒక్కటుంది, కొలిచి చూస్తే ఇంకా పనికొస్తుందని తేలింది. పదహారు మంది కుర్రవాళ్లకు ఆ ఒక్కటే. ఎవరూ పొరపాటున ముట్టకుండా నేను తెప్పించిన మూడింటి కాడలకూ ఆయన ఎర్ర రంగు పూశారు. పరీక్ష నాడు ఆ పాత రీమరు చేతులు మారుతూ పోయింది. చివర మిగిలిన ఇద్దరు, టైము అయిపోతోందన్న కంగారులో, ఎర్ర రంగువి తీసుకుని బెజ్జాలు పూర్తి చేశారు. ఎగ్జామినరు గేజి పెట్టారు. వెళ్లకూడని కొస వెళ్లింది. ఇద్దరి జాబులూ పక్కన పెట్టారు.

ఒక కుర్రవాడు ఆరు నెలల తర్వాత సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. రెండో కుర్రవాడు రాలేదు. వాళ్ల నాన్న రిక్షా తొక్కేవాడని మాస్టారు చెప్పారు. ఆరు నెలలు ఆగే స్తోమత లేదేమో. చేరేటప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ తీసుకోవడానికి కూడా రాలేదు. ఆ రిజిస్టరు నా దగ్గరే ఉండేది. అడ్మిషను ఫారంలో ఉన్న చిరునామాకు రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. గడువు దాటాక ఆ మొత్తాన్ని ప్రభుత్వ ఖాతాకు జమ చేస్తూ నోటు పెట్టింది కూడా నేనే.

ఆ కొనుగోలు మీద ఆడిట్‌వారు ఒక్క అభ్యంతరం రాయలేదు. మూడు కొటేషన్లు ఉన్నాయి, తక్కువ ధర ఆమోదించాం, స్టాకు సరిపోయింది. ఫైలులో తప్పు ఎక్కడా లేదు. మాస్టారి ఇండెంటు మీద హెచ్7 అని ఉన్న సంగతి ఎవరూ పైన పెట్టి చూడలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం అర్థం కాని అక్షరం ఇండెంటులో కనిపిస్తే, టైపుమిషను మీద కవరు కప్పి షాపు దాకా నడిచి అడిగి వచ్చేవాణ్ని.

1986లో నాకు బదిలీ అయింది. చార్జి అప్పగించే జాబితా నాలుగు రోజులు రాశాను. ఆ మూడు రీమర్లూ, కాడల మీద రంగు కొంచెం పెచ్చులూడి, బీరువా కింది అరలోనే ఉన్నాయి. జాబితాలో వాటి ఎదురుగా "హ్యాండ్ రీమర్లు, 12 మి.మీ., ఎఫ్7, మూడు" అని పూర్తిగా రాసి సంతకం పెట్టాను.